ఏరు చూడని చేను

మా పెద్దప్ప పోయిన సంగతి నాకు పన్నెండో రోజున తెలిసింది. ఆలూరు వైపు నుంచి నందికొట్కూరుకు ఎద్దుల బేరానికి వచ్చిన ఒకాయన బడి ముందు నన్ను గుర్తుపట్టి ఆగాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "మీ పెద్దప్ప పోయినాడు గదా అయ్యోరూ, నీకు ఎవురూ చెప్పల్యా?" అన్నాడు. చెప్పలేదన్నాను. "నిద్దర్లోనే పోయినాడంటప్పా. తెల్లారి ఎద్దులకు మేత ఎయ్యల్యాదని పోయి లేపితే లేయల్యా" అన్నాడు. తర్వాత తను కొన్న ఎద్దుల పళ్ల గురించి, నడక గురించి ఏదో చెప్పాడు. నేను తలూపుతూ నిలబడ్డాను. ఆ పూట పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

ఆయన నాకు చుట్టం కాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు నన్ను ఆలూరు దగ్గర ఒక చిన్న పల్లెకు అయ్యవారుగా వేశారు. ఒకే అయ్యవారున్న బడి. ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకలేదు. ఈయన తన కొట్టం పక్కన గడ్డి వేసుకునే గదిని ఊడిపించి, సున్నం కొట్టించి ఇచ్చాడు. గోడకు అవతల ఎద్దులు నెమరు వేస్తుంటే ఇవతల నేను పలకలు దిద్దుకునేవాణ్ణి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ట్రైనింగు పూర్తి చేసి కొత్తగా వచ్చినవాణ్ణి కాబట్టి లోకంలో నాకు తెలియనిదేదీ లేదనే ధీమాలో ఉండేవాణ్ణి. మొదటి రోజే ఆయన, "నన్ను రెడ్డీ గిడ్డీ అని పిలవగాకు. పెద్దప్పా అను. అట్లయితే పెద్దమ్మ నీకూ రెండు రొట్టెలు ఏస్తాది" అన్నాడు. పెద్దమ్మ నిజంగానే వేసింది. అక్కడున్న రెండేళ్లూ నేను పొయ్యి వెలిగించుకున్న రోజులు తక్కువ.

ఆయన సన్నటి మనిషి, మాట మెల్లన. ఎప్పుడూ ఏదో ఒక పనిలోంచి వచ్చి ఇంకో పనిలోకి వెళ్తున్నట్టు కనిపించేవాడు. బడికి మూడు రోజులు ఆలస్యంగా వచ్చే పేపరు కోసం పొద్దుగూకే ముందు నా గది ముందుకు వచ్చి గొంతుక్కూర్చునేవాడు. చదవడం రాదు. దేశంలో ఏం జరుగుతోందో ఆయనకు అక్కర్లేదు. "వాన సంగతి ఏమన్నా రాసినారా సూడు" అనేవాడు. మద్రాసులో కుండపోతగా కురిసిందని నేను చదివితే, "ఆడ కురిసి ఎవురికప్పా లాభం, సముద్రంలోకే గదా పొయ్యేది" అని లేచి దులుపుకుని వెళ్లిపోయేవాడు. మరునాడు మళ్లీ వచ్చేవాడు.

ఆయనకున్నది ఊరికి పడమర నల్లరేగడి చేను. వాన పడితే జొన్న, లేకపోతే బీడు. ఆ చేను సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు. వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఆ ఊళ్లోనే ఇంకో ఇంట్లో నేను దాన్ని చూడలేదు. వరుసగా రెండేళ్లు వానలు ఎగ్గొడితే, చేని నాలుగు మూలల నుంచీ మన్ను తీసి మూటకట్టి, శ్రీశైలం దాకా నడిచి మోసుకుపోయి, పాతాళగంగలో ముంచి తెచ్చేవాళ్లు. తెచ్చిన మన్నును ఉగాది అయ్యాక మొదటి దుక్కిలో చల్లేవాళ్లు. బండెక్కకూడదు, చెప్పులు తొడగకూడదు, మూట నేల మీద పెట్టకూడదు. వాళ్ల నాయన రెండుసార్లు మోశాడట. ఈయన అప్పటికి మూడుసార్లు, మూడుసార్లూ ఒక్కడే. ఎందుకని అడిగితే, "మనమైతే పండగకో పెండ్లికో పోయి ఏరు సూసొస్తాము. చేను యాడికి పోతాది అయ్యోరూ? పుట్టినప్పటి నుంచి ఆడనే పడుండాది" అన్నాడు. నేను నవ్వాను. సైన్సు పాఠంలో వానలు ఎలా కురుస్తాయో ఆయనకు చెప్పబోయాను. ఓపిగ్గా విన్నాడు. అంతా విని, "మంచిదే. అది దాని పాటికి కురవనీ" అన్నాడు.

నేనున్న రెండో ఏడు ఆయన నాలుగోసారి బయలుదేరాడు. ఉగాదికి బడి సెలవు. మీ ఊరు నందికొట్కూరు ఆ దావలోనే ఉంది కదా, నాతో పాటు నడువు, మీ ఇంట్లో ఆగిపోదువు అన్నాడు. కాళ్లలో బలముందనుకునే వయసు కాబట్టి ఒప్పుకున్నాను. మూడో రోజుకే నా పాదాలు బొబ్బలెక్కాయి. ఆయన అరవై దాటినవాడు. నడకలో తొందర ఉండదు, ఆగడం ఉండదు. ఎండ నడినెత్తికి వచ్చాకే ఆగేవాడు. ఆగినప్పుడు ముందు మన్ను మూటను ఏదో ఒక అరుగు మీదో రాతి మీదో దించి, అది ఒరగకుండా సరిచేసి, ఆ తర్వాత తను కూర్చునేవాడు. అలాంటి రాయి దొరికేదాకా తను ఎంత అలసినా నిలబడే ఉండేవాడు. కూర్చున్నాక నేను ఇంకెంత దూరమని అడిగితే ఆయనకు కోపం వచ్చేది. "నడిచేటప్పుడు అడుగు, చెప్తా. కూకున్నప్పుడు అడగగాకు. కూకున్నోనికి ఏ దూరమైనా ఎక్కువే" అనేవాడు.

మా ఇంటికి చేరాక ఆగిపోదామనే అనుకున్నాను. మా అమ్మ ఆయనకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తూ ఎడమ మడమ చూసింది. తుమ్మముల్లు దిగి లోపలే విరిగింది. చుట్టూ వాచింది. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆ కాలితో ఆయన్ను ఒక్కణ్ణే కొండకు పంపిస్తావా? రెండేండ్లుగా ఎవురింటి రొట్టె తింటాండావు నువ్వు?" అంది. మరునాడు పొద్దున నేను కూడా బయలుదేరాను. మనసులో మాత్రం అమ్మనూ ఆయన్నూ కలిపి తిట్టుకున్నాను.

ఆత్మకూరు దాటి అడవిలోకి దిగాక ఆయన కుంటడం ఎక్కువైంది. నాగలూటి మెట్లు ఎక్కడానికి ఒక పూటంతా పట్టింది. పండక్కి పోయే కన్నడ జనం గుంపులు గుంపులుగా మమ్మల్ని దాటి వెళ్లిపోయారు. పెచ్చెరువు అనే చెంచు గూడెం చేరేసరికి దావ మీద వెనక మేమిద్దరమే మిగిలాం. తెల్లవారి ఆయన లేచి నిలబడబోయి మళ్లీ కూలబడ్డాడు. అక్కడి చెంచు ముసలమ్మ ఒకామె ఏదో ఆకు నూరి కట్టు కట్టింది. ఆమె నన్ను చూసి, ఈ మనిషి నాలుగు రోజులు కదలకూడదని చేయి ఊపింది.

పెద్దప్ప మన్ను మూటను ఒళ్లో పెట్టుకుని, "అయ్యోరూ, నువ్వు పోతావా?" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఇంకేం అనగలను, పోతానన్నాను. మూటకు మంచం నవారుతో కట్టిన పట్టె ఉండేది. అది ఆయన భుజానికి సరిపోయే పొడవు. నేను పొట్టివాణ్ణి. నన్ను దగ్గర నిలబెట్టి, పట్టెను నా భుజం మీంచి వేసి చూసి, విప్పి, మళ్లీ వేసి చూసి, రొమ్ము మీదికి వచ్చే చోట గట్టిగా ముడి వేశాడు. "ఇంగ ఒరుసుకోదు. అలిసినప్పుడు కూకో. దాన్ని ముందు దించి కూకో. ఎక్కేటప్పుడు పైకి సూడగాకు" అన్నాడు.

ఆ రోజంతా నేను ఒక్కణ్ణే నడిచాను. అంతకు ముందు కానీ తర్వాత కానీ అంతసేపు మనిషి గొంతు వినకుండా ఉన్నది లేదు. వీపు మీద నా కంబళి, నాలుగు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, పక్కన సొరకాయ బుర్రలో నీళ్లు, వీటి మీద అయిదు శేర్ల మన్ను. మొదటి రెండు గంటలు బాగానే ఉంది. చెట్లన్నీ ఆకు రాల్చి మోడులై ఉన్నాయి. నీడ లేదు. నా అడుగుల కింద ఎండుటాకులు విరిగే చప్పుడుకు నేనే రెండుసార్లు ఆగి వెనక్కి చూశాను. కొండముచ్చులు కొమ్మల మీంచి చూసి, పట్టించుకోదగిన మనిషి కాడని తేల్చుకుని మొహం తిప్పుకున్నాయి. ఎలుగుబంటి గురించి ఎవరో చెప్పిన మాటలు గుర్తుకొచ్చి కాసేపు గట్టిగా ఎక్కాలు చదువుకుంటూ నడిచాను. పదిహేడో ఎక్కం దగ్గర గొంతు ఎండిపోయి ఆపేశాను.

మఠం బావి దగ్గర రొట్టె తిన్నాను. మూటను రాతి మీద దించే కూర్చున్నాను. లేచేటప్పుడు అది రెండింతలు బరువెక్కినట్టుంది. అక్కడి నుంచి భీముని కొలను లోయలోకి దిగడం మొదలైంది. దిగుడు మోకాళ్లను తినేసింది. అడుగుకు వెళ్లేసరికి మడమలు పగిలి, రాళ్లు కాలి, ఎక్కడ పాదం పెట్టినా మంట. తల ఎత్తితే ఎదురుగా కైలాసద్వారం దాకా మెట్లు. పైకి చూడవద్దని ఆయన చెప్పాడు కదా. నేను చూశాను.

ఎక్కాను. ఇరవై మెట్లకు ఒకసారి, తర్వాత పదికి, తర్వాత అయిదుకు ఆగాను. సగం పైకి వెళ్లాక దావకు పక్కగా, రెండు రాళ్లు నిలబెట్టి వాటి మీద ఒక బండ పరిచి ఉంది. మూటలు మోసేవాళ్లు దించుకోవడానికి పూర్వం ఎవరో కట్టించింది. దాని మీద మూట పెట్టి పక్కన వాలిపోయాను. బుర్రలో నీళ్లు అయిపోయాయి. చెమట కూడా ఆగిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఇరవై నాలుగేళ్లవాణ్ణి, అయ్యవారిని, ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చానని ఇప్పుడు రాయడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గు ఆ తర్వాత చేసిన పనికి.

ఇది మన్నే కదా అనిపించింది. మోసేది మన్ను, మోయించేది ఒక ముసలాయన చాదస్తం, నేను చదువుకున్నవాణ్ణి. ఇలా నాకు నేను చెప్పుకుంటూనే మూట విప్పాను. చుట్టూ ఎవరూ లేరు. అయినా ఎవరో చూస్తున్నట్టు ఆ బండ కిందికి వంగి, రాళ్ల మధ్య గూడులా ఉన్న ఖాళీలోకి మన్నంతా గుమ్మరించాను. దావన పోయేవాళ్లకు కనబడకుండా ముందు రెండు రాళ్లు అడ్డం పెట్టాను. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఒళ్లు తేలికపడింది, హాయిగా ఉంది. పొద్దు వాలకముందే కొండ మీదికి చేరాను.

మరునాడు మసక చీకటితోనే పాతాళగంగకు దిగాను. నీళ్లు చూశాక అడుగు ముందుకు పడలేదు. చుట్టూ జనం మునుగుతున్నారు, లేస్తున్నారు, చెంబులు నింపుకుంటున్నారు. నేను మడిచిన సంచి పట్టుకుని నిలబడ్డాను. పెచ్చెరువులో కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్న మనిషి కళ్ల ముందు మెదిలాడు. వెనక్కి పోయి ఆ మన్ను ఎత్తుకొచ్చే ఓపిక నాకు లేదు. మెట్ల పక్కన గట్టు గీరి, దొరికిన మన్నుతో సంచి నింపి, నీళ్లలో ముంచి తీశాను. తడిసిన మన్ను నల్లగానే కనిపించింది. నాకు ధైర్యం వచ్చింది.

అయ్యవారు చేసే తప్పు అది. రైతు అయితే చెయ్యడు. రెండో రోజుకు పెచ్చెరువు చేరేసరికి ఎండకు మూట ఆరిపోయింది. పెద్దప్ప ఎదురుగా నాలుగడుగులు కుంటుకుంటూ వచ్చి, నా భుజం మీంచి తనే మూట దించుకున్నాడు. అరుగు మీద పెట్టి ముడి విప్పి పిడికెడు మన్ను తీసి అరచేతిలో పరిచాడు. నల్లమల ఎర్రమన్ను, మిరప్పొడి రంగులో ఉంది. ఆయన చూశాడు. నేనూ చూశాను. వేలితో నలిపాడు, వాసన చూశాడు, ఒక్క గింజ కూడా కింద పడకుండా మళ్లీ సంచిలో పోసి ముడి వేశాడు. "శానా దూరం మోసినావు. కాళ్లు నొస్తాండాయా అయ్యోరూ?" అన్నాడు. నొప్పిగా ఉన్నాయన్నాను. "కూకో, రొట్టె తిందువు గాని" అన్నాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. తిరుగు దావ పొడుగునా చెబుదామనుకుంటూనే నడిచాను, పైగా నెమ్మదిగా కుంటుతూ మూట మోసింది ఆయనే.

ఆ ఏడు కూడా వానలు అంతంత మాత్రమే. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అంతే. నా వల్ల కాదని నాకు తెలుసు. తెలిసీ, ఎండిన జొన్న వైపు నుంచి బడికి వెళ్లడం మానేసి చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. ఆయన మాత్రం ఎప్పటిలాగే పొద్దుగూకే ముందు వచ్చి, "వాన సంగతి ఏమన్నా రాసినారా?" అనేవాడు. నేను చదివేవాణ్ణి. కొన్నాళ్లకు నన్ను నందికొట్కూరుకు మార్చారు.

మరుసటి ఉగాది అయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన మా ఇంటి ముందు కనిపించాడు, ఒక్కడే, కొండ నుంచి తిరిగి వస్తూ. మూటను అరుగు మీద దించి తర్వాత కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇస్తే రెండు చెంబులు తాగాడు. "మడమ ఎట్లుండాది పెద్దప్పా?" అన్నాను. "వానొచ్చే ముందర నొస్తాది. అందుకని అది నొస్తే నాకు సంతోషం" అన్నాడు. ఆ మూట వైపు నేను చూడలేదు. అందులో ఏముందని అడగలేదు. అదే ఆయన్ను చివరిసారి చూడటం.

వార్త తెలిసిన మరునాడే సెలవు పెట్టి ఆ ఊరికి వెళ్లాను. పెద్దమ్మ అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, "వచ్చినావా నాయనా. కూకో" అంది. పేపరు చదివే అయ్యవారు మళ్లీ దొరకలేదని ఆయన అనేవాడని చెప్పింది. అప్పుడు నాకు ఆగలేదు. ఆ మెట్లూ, ఆ బండా, ఎర్రమన్నూ అంతా ఆమెకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసులే. ఆ మరుసటేడు అందుకే గదా పోయినాడు" అంది. "నువ్వు పారబోసిన మన్ను ఎత్తుకోని, ఏట్లో ముంచి తెచ్చినాడు. ఆ బండ కింద రాళ్లు అడ్డం పెట్టినావంట గదా, వానకు పోకుండా అట్లనే ఉన్నిందంట."

"అది యాడుందో ఆయనకు ఎట్ల తెలిసింది పెద్దమ్మా? నేను చెప్పల్యా."

"నేనూ అదే అడిగితి. దాంట్లో తెలుసుకునేదేముండాది, నాకు యాడ అలుపొస్తాదో ఆడ వెతికినా అన్నాడు."

నేను తల వంచుకున్నాను. ఆమె మళ్లీ చాట తీసుకుని, చెరుగుతూనే మాట్లాడింది. "నీ మింద కోపం ఏం లేదు నాయనా. ఎవురన్నా అడిగితే, ఆ ఏడు చేను మన్ను సగం దావ మా అయ్యోరు మోసినాడు, మిగిలిన సగం నేను మోసినా అనేటోడు. ఆ ఎర్రమన్ను గూడా చేన్లోనే చల్లినాడు. అదీ నీళ్లు తాగొచ్చిన మన్నే గదా అన్నాడు."

లోపలికి వెళ్లి, దూలానికి తగిలించిన సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఉతికి మడిచి ఉంది. నీకియ్యమని ఎప్పుడో చెప్పిపెట్టినాడని అంది. నవారు పట్టెకు నా కోసం వేసిన ముడి అలాగే ఉంది. ఆయన పొడుగరి, ఆ ముడితో మూట ఆయన వీపున పైకెక్కి మెడను ఒరుసుకుని ఉంటుంది. అయినా విప్పలేదు.

చేని గట్టునే ఆయన్ను పూడ్చారు. కొత్తగా పోసిన రేగడి అప్పటికే ఎండి బీటలు వారుతోంది. నాలుగు మూలలకూ వెళ్లి, ప్రతి మూలా వంగి, మన్ను తీసి సంచిలో పోసుకున్నాను. కొండకు బయలుదేరే ఫాల్గుణానికి ఇంకా నెలల గడువుంది. మా ఇంటి దూలానికి తగిలించుకుని ఉంచుతాను. పట్టె భుజాన వేసుకుంటే ముడి సరిగ్గా రొమ్ము మీదికే వచ్చింది. మూట బండెక్కకూడదు కాబట్టి ఇంటికి నడిచే బయలుదేరాను. ఊరి బయట బస్సు ఆగేచోట ఒక రాతి అరుగు ఉంది. ఎండలో అంత దూరమే నడిచినా చాలా అలసటగా ఉంది. ముందు మూటను దాని మీద దించి, ఒరగకుండా సరిచేసి, తర్వాత నేను కూర్చున్నాను.